చప్పుడు చేయని ప్రయోగాలు

కడప జిల్లాకు వెళ్లి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా రేపల్లెలో అందరిదీ ఒకటే ప్రశ్న. "బాంబులు చూశావా?" ఆఖరికి పాలు పోసే వెంకాయమ్మ కూడా అడిగింది. చూడలేదే అంటే నమ్మదు, ఏదో దాస్తున్నానని దాని అనుమానం. నిజమే, దాస్తున్నాను. దాస్తున్నది రెండు ఊళ్ల పేర్లు. ఇది చివరిదాకా చదివినా ఆ పేర్లు మీకు దొరకవు. పిల్లల పేర్లు, వాళ్ల మాస్టారి పేరు కూడా మార్చేశాను. ముప్పయ్యేళ్లు ఫిజిక్సు చెప్పి, స్థలమూ సమయమూ రాయని లెక్క లెక్కే కాదని పిల్లల చెవులు మెలేసినదాన్ని, నేనిలా రాస్తానని ఎవరైనా అంటే వాళ్ల చెవి కూడా మెలేసేదాన్నే.

హైస్కూలు పిల్లల సైన్సు పోటీలకు న్యాయనిర్ణేతగా రమ్మని కబురొచ్చింది. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో తొలి పోటీలు, పులివెందులలో జిల్లా ఫైనల్, అందులో గెలిస్తే హైదరాబాదు. అక్కడివాళ్లను పెడితే ఫలానా పార్టీ మనిషి అంటారట. ఎక్కడో సముద్రం పక్కనుంచి ఒకావిడను తెచ్చుకుంటే ఏ గొడవా ఉండదని వాళ్ల ఆలోచన. గొడవ ఉండదట, నా మొహం.

ప్రొద్దుటూరు: రెండు కత్తెరలు

ప్రొద్దుటూరులో ఎటు చూసినా బంగారం కొట్లే. మెడలో నా ఒంటిపేట గొలుసు చూసి అక్కడి ఆడవాళ్లు జాలిపడ్డట్టే అనిపించింది. పొద్దున్నే ఒక హోటల్లో దోశ తిన్నాను. లోపలంతా ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు. రెండు రూపాయలు. రెండో ముక్కకే కళ్లమ్మట నీళ్లు కారాయి. పెనం దగ్గరున్నాయన నవ్వుతూ మంచినీళ్ల చెంబు తెచ్చాడు.

"ఏందక్కా, గుంటూరోళ్లమంటిరి! ఈమాత్రం కారానికే ఏడిస్తే ఎట్ల?"

పౌరుషానికి ఇంకో దోశ తిన్నాను. దాని ఫలితం మధ్యాహ్నందాకా అనుభవించాను.

మా వైపు పోటీలకు ముఖ్య అతిథి ఒక్కడు దొరికితే గొప్ప. ఇక్కడ ఇద్దరు, రెండు పార్టీల వాళ్లు. ఒకాయన వచ్చిన గుమ్మంలోంచి రెండో ఆయన రాడట. అందుకని హాలుకు రెండు గుమ్మాలు, రెండు రిబ్బన్లు, రెండు కత్తెరలు. ఎవరు ముందు కోసినా తంటాయే కాబట్టి హెడ్మాస్టరు గడియారం చూసుకుంటూ మధ్యలో నిలబడి, పరుగుపందెం మొదలెట్టినట్టు చెయ్యి దించాడు. రెండు రిబ్బన్లూ ఒకేసారి తెగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు నవ్వాగక కొంగు అడ్డం పెట్టుకున్నాను.

గుమ్మాల దగ్గర పోలీసులు పిల్లల ప్రదర్శనలను విప్పి చూస్తున్నారు. రేకు డబ్బా, అందులోంచి ఒక తీగ కనబడిందా, అంతే సంగతులు. ఒక పిల్ల పాలపొడి డబ్బాలో కరెంటు గంట బిగించుకొచ్చింది. కానిస్టేబులు దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, "ఇంగ పోమ్మా" అని చేతిలో పెట్టాడు. పాపం మళ్లీ బిగించుకోవడం దానికి రాలేదు. చప్పుడొచ్చే ప్రయోగాలు అసలు చేయకూడదని ముందే ఆర్డరట. హైడ్రోజన్ తయారుచేసిన పిల్లాడు పుల్ల గీయకుండానే "ఇప్పుడు టప్పుమని శబ్దం వచ్చును" అని నోటితో చెప్పి ఊరుకున్నాడు.

నాకు తోడుగా వేసిన సైన్సు మాస్టారు ఖాదర్ గారు. సన్నగా, నెమ్మదిగా ఉంటారు, మాట కూడా అరిగిపోతుందేమో అన్నట్టు మాట్లాడతారు. ఆయన జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె హైస్కూల్లో పనిచేస్తారు.

"పోయినేడు ఒక పిల్లోడు బెలూన్ పగలగొట్నాడు మేడం. రెండు నిమిషాల్లో హాలు ఖాళీ. ముందు పరిగెత్తింది అతిథులే" అన్నారు.

ఆ రోజంతా అది తలచుకుని నవ్వుతూనే ఉన్నాను. మూడు ఊళ్లలో నేను నవ్విన రోజు అదొక్కటే.

జమ్మలమడుగు: రెండు టీ హోటళ్లు

పెన్న చూపించమంటే ఖాదర్ గారు ఇసక చూపించారు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఇసకే. కాలవల మధ్య పుట్టిన దాన్ని, నది అంటే నీళ్లుండాలనుకునే దాన్ని.

"నీళ్లేవండీ?" అన్నాను.

"కిందుంటాయి మేడం" అన్నారాయన.

మిషన్ ఆసుపత్రి వైపు నడిచి వస్తూ ఒక కొట్లో టీ తాగాను, రూపాయి. గంట తర్వాత ఆకలేసి ఇంకో హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అడిగాను. బొరుగులు నానబెట్టి తాలింపు పెడతారు, బాగుంటుంది, మా ఇంట్లో ఇప్పుడు వారానికోసారి చేస్తున్నాను. ప్లేటు పెడుతూ హోటలాయన, "పొద్దున ఏడుంబావుకు ఆ పక్క హోటల్లో టీ తాగినారంట గదమ్మా?" అన్నాడు. కోపంగా కాదు, ఊరికే. బల్లల దగ్గరున్న వాళ్లంతా మాత్రం తినడం ఆపారు. ఆ హోటలు ఒక పార్టీదట, ఇది రెండోదట. నేనెక్కడ ఎన్ని గంటలకు టీ తాగానో నాకు గుర్తులేదు గానీ ఊరికి గుర్తుంది!

బయటికొచ్చాక ఖాదర్ గారు అన్నారు. "ఈడ ఎవురు, యాడ, ఎన్ని గంటలకుండారనేది శానా పెద్ద విషయం మేడం."

పనీపాటా లేని జనం అనుకున్నాను. అప్పటికి నా బుద్ధి అంతే.

రెండు నోటుపుస్తకాలు

ఆ రోజే జమ్మలమడుగు పోటీల హాల్లో గంగాదేవి, చెన్నమ్మల బల్ల దగ్గరికి వచ్చాను. ఇద్దరూ తొమ్మిదో తరగతి, ఖాదర్ గారి శిష్యురాళ్లు. గంగాదేవి పొడుగ్గా, జడకు రిబ్బను కట్టుకుని, సొంత తోటలున్న ఇంటి పిల్ల. చెన్నమ్మ గొర్రెల కాపరి కూతురు. బక్కగా ఉంటుంది, కళ్లు మాత్రం ఒక్కచోట నిలవవు. ఇద్దరివీ పక్కపక్క ఊళ్లు, మధ్యలో ఒక వంక, అంటే చిన్న వాగు. ఆ ఊరిది ఒక పార్టీ, ఈ ఊరిది ఒక పార్టీ. ఈ ఊరివాళ్లు ఎక్కిన బస్సు ఆ ఊరివాళ్లు ఎక్కరు. పిల్లలు మాత్రం చదువుకోవాలి కాబట్టి మూడో ఊళ్లో ఉన్న బడికి వస్తారు. ఆ రెండు ఊళ్ల మనుషులు ఒకే బెంచీ మీద కూర్చునేది ఆ బళ్లోనే.

వాళ్ల బల్ల మీద మెరిసే వస్తువు ఒక్కటీ లేదు. జానకొక ముడి వేసిన తాడు, దాని కొసకు ఒక రాయి, రెండు నోటుపుస్తకాలు, గోడకు ఒక చార్టు.

"ఏమిటే ఇది?" అన్నాను.

చెన్నమ్మే మొదలుపెట్టింది. "మా ఊర్లో ఒక బాయి, ఆయమ్మోళ్ల ఊర్లో ఒక బాయి. దినామూ తాడు ఇడిసి ఎన్ని ముడులు తడిసినాయో రాస్తాం మేడం. నీళ్లు ఎందుకు తగ్గుతాండాయని మా ఊరోళ్లు వాళ్లను తిడతారు, వాళ్లూరోళ్లు మమ్మల్ని తిడతారు. ఎవురిది నిజమో సూద్దామని."

"ఏం తేలింది?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. గంగాదేవి చార్టు మీద వేలు పెట్టింది. ఎర్ర గీత ఒక ఊరిది, నీలం గీత ఒక ఊరిది. ఏడాది పొడుగునా రెండూ కలిసి దిగాయి, కలిసి లేచాయి. ఇక్కడ మోటరు వేస్తే సాయంత్రానికి అక్కడ ఒక ముడి ఎండుతుంది. అక్కడ వేస్తే ఇక్కడ.

"కింద నీళ్లు రెండూర్లవీ ఒగటే మేడం" అంది చెన్నమ్మ.

చెప్పొద్దూ, నా ఒళ్లు పులకరించింది. ముప్పయ్యేళ్లలో నేను చూసినవన్నీ అగ్నిపర్వతాలూ గాలిమరలూనూ. పుస్తకంలో లేని సంగతి తాడు కట్టి కనుక్కున్న పిల్లలను చూడ్డం అదే మొదలు. నోటుపుస్తకాలు తిప్పాను. తేదీ, ముడులు, కరెంటు వచ్చిన వేళ, మోటరు వేసిన వేళ, ఆపిన వేళ. చెన్నమ్మ నాయన గొర్రెలు కాస్తూనే వాళ్ల ఊరి పెద్దాయన చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, నీళ్లు కడతాడు. నాయనకు సద్ది తీసుకుపోయినప్పుడల్లా ఈ పిల్ల రాసుకొచ్చేది. బళ్లో ఇద్దరూ పుస్తకాలు మార్చుకుని గీతలు గీసేవాళ్లు.

అయితే చార్టు మీద ఊరి పేర్లు లేవు. 'అ' ఊరు, 'ఆ' ఊరు అని ఉంది.

"ఇదేం వేషం? ఊరికి పేరుండదూ?" అన్నాను.

ఖాదర్ గారు నన్ను పక్కకు పిలిచారు. "పేర్లొద్దు మేడం. నేనే వద్దన్నా. ఈడికి ఇట్లనే బాగుండాది."

"బాగుండదు మాస్టారూ. ఎక్కడ కొలిచారో చెప్పకపోతే అది కట్టుకథ. ఐదు మార్కులు పోతాయి."

నేనే స్కెచ్ పెన్ను తీసి చెన్నమ్మ చేతిలో పెట్టాను. అది మాస్టారి వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఐద్రాబాద్ పోవాలంటే ఆ ఐదు మార్కులు కావల్లా మేడం?" అంది.

"కావాలి."

"ఐద్రాబాద్ పోతే మా నాయన పదో తరగతి సదివిస్తానన్నాడు. పోకపోతే ఈ యేటికి సాలిచ్చి గొర్ల ఎనక పొమ్మన్నాడు." అని వంగి, గుండ్రటి అక్షరాలతో రెండు ఊళ్ల పేర్లూ రాసేసింది.

మొదటి బహుమతి వాళ్లకే ఇచ్చాను. అక్కడితో ఊరుకున్నానా? మైకు పట్టుకున్నాను. ఇద్దరు పిల్లల పేర్లూ, తండ్రుల పేర్లూ, ఊళ్లూ చదివి, "మోటరు ఎన్ని గంటలకు వేశారో, ఎన్నింటికి ఆపారో ఏడాది పొడుగునా నిమిషాలతో సహా రాసి, పక్క ఊరి స్నేహితురాలికి చూపించిన పిల్ల ఈ చెన్నమ్మ! ఇదీ క్రమశిక్షణంటే" అన్నాను. మా ఊళ్లో అయితే ఈలలు వేసేవాళ్లు. ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఖాదర్ గారు నేల చూస్తున్నారు. విలేకరి కుర్రాడొకడు నా మాటలు రాసుకుని, పిల్లలిద్దరినీ చార్టు పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. చెన్నమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

గండికోటకు వెళ్లని రోజు

మర్నాడు సెలవు. గండికోట చూపిస్తానన్న ఖాదర్ గారు పేపరు మడిచి పట్టుకొచ్చారు. జిల్లా పేజీలో ఫొటో ఉంది, కింద నా మాటలన్నీ ఉన్నాయి, ఊళ్ల పేర్లతో సహా. నేను మురిసిపోయి దాచుకుంటానని అడిగాను. ఆయన ఇచ్చి, "కిందికి రాండి మేడం. చెన్నమ్మ నాయన వచ్చినాడు" అన్నారు.

లాడ్జీ మెట్ల కింద గొంగడి భుజాన వేసుకుని నలభై ఏళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో చెనిక్కాయల మూట. మేం వేరుశనక్కాయలంటాం. నాకోసమే తెచ్చాడట. కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచరమ్మా, మీరు నా బిడ్డకు మంచే జేసినారు. గానీ మా ఊర్లో ఇంగోమాదిరి అనుకుంటాండారు."

"ఏమనుకుంటున్నారు?"

"తోటలోకి పెద్దాయన ఎన్నింటికొస్తాడో, ఎన్నింటికి పోతాడో నా బిడ్డ ఏడాదిగా రాసి ఆ ఊరికి అందిచ్చినాదంట."

నాకు ఒళ్లు మండిపోయింది. "అది నీళ్లు కొలిచిన వేళయ్యా! మోటరు వేసిన వేళ!"

"నాకు దెల్సు తల్లీ. కరెంటొస్తేనే మోటరేస్తాం. మోటరేసేటప్పుడే పెద్దాయన తోటకాడికొస్తాడు. ఆ పొద్దు ఆయప్ప ఎంట ఎవురూ ఉండరు."

కరెంటు వేళలంటే మాకు మిక్సీ ఎప్పుడు తిప్పుకోవాలా అని. ఆ ఊళ్లో అది ఒక మనిషి ఒంటరిగా ఎప్పుడు దొరుకుతాడు అని. అట్లా దొరికినవాళ్ల శవాలను ఆ ఊళ్లు రెండు వైపులా మోసుకొచ్చి ఉన్నాయి. పిల్లల నోటుపుస్తకాన్ని వాళ్లు అలాగే చదువుతారు, ఇంకోలా చదవడం వాళ్లకు చేతకాదు. నేను దాన్ని మైకులో చదివాను.

"మల్ల పేపర్లో ఏపియ్యండి తల్లీ" అన్నాడు. "అదంతా ఉత్తదే, పిల్లోల్లు బాయి కాడికే పోలేదు, ఇంట్లో కూసోని ఊహించి రాసినారని. మీ నోట వస్తే నమ్ముతారు."

ఇక్కడ నేను చేసిన పని రాయకుండా తప్పించుకోవచ్చు. కానీ రాస్తాను. ఊహించి రాశారని నేనే అంటే బహుమతి పోతుంది, పోటీ నుంచి తీసేస్తారు. నిజాయితీగా చేసిన పనిని అబద్ధమని నా నోటితో ఎలా అనడం? పులివెందులలో జిల్లా ఫైనల్ ఆ మర్నాడే.

"రేపొక్కరోజు ఆగు నాయనా. ఫైనల్ కానీ. పిల్ల గెలుస్తుంది. ఆ తర్వాత నేనే రాయించి ఇస్తాను" అన్నాను.

"రేపటిదంకనా" అన్నాడు. చెనిక్కాయలు మెట్టు మీద పెట్టి, "మంచిదమ్మా" అని వెళ్లిపోయాడు. అదంతా పిల్ల చదువు కోసమే చేశానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నేను ఎంచిన ప్రయోగాన్ని నేనే కాదనడానికి నాకు అహం అడ్డొచ్చింది. గండికోట సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

పులివెందుల: ఒక నోటుపుస్తకం

పులివెందులకు వెళ్లే దారిలో బస్సును రెండుసార్లు ఆపి సంచులు వెతికారు. నా సంచిలో చెనిక్కాయలు చూసి కానిస్టేబులు నాలుగు నోట్లో వేసుకున్నాడు. దారి పక్క చీనీ తోటలు, తోటకొక షెడ్డు, షెడ్డులో ఒక మోటరు. నిన్నటిదాకా అయితే పచ్చగా ఎంత బాగున్నాయో అని రాసేదాన్ని. ఇప్పుడు ప్రతి షెడ్డు దగ్గరా ఎవరైనా ఒక్కడే ఉన్నాడా అని చూస్తూ కూర్చున్నాను. తొమ్మిది రూపాయల టిక్కెట్టుకు ఒళ్లంతా దుమ్ము.

హాల్లో వాళ్ల బల్ల దగ్గర గంగాదేవి ఒక్కతే ఉంది. పక్క స్టూలు ఖాళీ. చార్టు మీద ఊళ్ల పేర్ల చోట తెల్లకాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. నీలం గీత ఉంది, ఎర్ర గీత మీద సిరా పూసేసి ఉంది. నోటుపుస్తకం ఒక్కటే. తెరిస్తే, వేళలు రాసిన గడి మొత్తం బ్లేడుతో కోసేసి ఉంది, ప్రతి పేజీలోనూ.

ఖాదర్ గారు మెల్లగా చెప్పారు. "నిన్న మైటాలే, పొద్దు గూకకముందే ఆ పాపను పంపించేసినారు మేడం. వేముల కాడ మేనత్త ఊరుండాది, గొర్లతో సహా ఆడికి తోలేసినారు. నాయనను తోట పని మాన్పించినారు. ఆ పాప నోట్‌బుక్ పొయ్యిలో బెట్టినారంట."

"బడి?"

"బడి ఏముంది మేడం ఇంగ."

గంగాదేవిని అడిగాను, నిన్నేమైనా అన్నారా తల్లీ అని. "మమ్మల్ని ఎవురేమంటారు మేడం. చెన్నమ్మనే" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవలేదు.

నాతోపాటు ఇంకో న్యాయనిర్ణేత ఉన్నారు, వేరే జిల్లా నుంచి వచ్చిన కాలేజీ లెక్చరరు. మంచివాడే. ఆయనకేమీ తెలియదు.

"ఏమ్మా, ఇది ఎక్కడ కొలిచారు?"

గంగాదేవి నా వైపు చూసింది. "యాడో సార్" అంది.

"ఎన్ని గంటలకు?"

"గుర్తులేదు సార్."

"రెండో అమ్మాయి ఏది?"

"ఎవురూ లేరు సార్. నేనే."

ఆయన నా వైపు తిరిగి, "స్థలం లేదు, సమయం లేదు, జట్టులో ఇద్దరుండాలి, ఒక్కతే ఉంది. ఏం చేద్దాం మేడం?" అన్నారు. నేను నోరు తెరిచాను. స్థలం చెప్పాలి, సమయం చెప్పాలి. రెండూ చెబితే ఏమవుతుందో ఆ పిల్ల ఎదురుగా నిలబడి చూస్తోంది. "మీ ఇష్టం" అన్నాను. ఆయన సున్నా వేసి కాగితం నా ముందుకు జరిపారు. సంతకం పెట్టాను. నీళ్లు కాచుకునే సౌర పొయ్యికి మొదటి బహుమతి వచ్చింది. మంచి పొయ్యే, కోడిగుడ్డు ఉడికించి చూపించారు.

ఆ మధ్యాహ్నం పోస్టాఫీసులో కూర్చుని పేపరుకు ఉత్తరం రాశాను. ఆ పిల్లలు ఏ బావినీ కొలవలేదని, ఏ వేళలూ రాయలేదని, అదంతా ఇంట్లో కూర్చుని ఊహించినదని, పొరపాటు నాదేనని. నా జీవితంలో రాతపూర్వకంగా చెప్పిన అబద్ధం అదొక్కటే. అడిగినప్పుడు చెప్పి ఉంటే ఏమైనా పనికొచ్చేదేమో. ఈ రోజుకీ వాళ్లు దాన్ని వేయలేదు.

వేముల: తిరుగు దారి

వచ్చేటప్పుడు కడప బస్సెక్కాను. అది వేముల మీదుగా పోతుంది. ఊరు దాటాక రోడ్డుకడ్డంగా గొర్రెల మంద వచ్చి బస్సు ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు. "ఓ పాపా, బిరీన తోల్లే!" అని కండక్టరు కేకేశాడు. మంద వెనక తలకు తువ్వాలు చుట్టుకుని ఒక ఆడపిల్ల కట్టె పట్టుకుని నిలబడి ఉంది. బక్కగానే ఉంది. ఎండ కళ్లలో పడి మొహం సరిగ్గా తెలియలేదు.

నేను లేచాను. కిటికీ ఊచలు పట్టుకుని, పేరు పెట్టి పిలవబోయాను. నోటిదాకా వచ్చింది కూడా. బస్సు నిండా మనుషులున్నారు. ముందు సీట్లో ఉన్న పెద్దమనిషి అప్పటికే వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నాడు. ఆయన ఎవరో, ఏ ఊరో, ఏ పార్టీయో నాకు తెలియదు.

"ఏమ్మా, తెలిసిన పిల్లనా?" అన్నాడు.

"కాదండీ" అని కూర్చున్నాను.